పిల్లల డాక్టర్లలో ఇన్ని రకాలెందుకు?

"పిల్లల డాక్టరంటే పిల్లల డాక్టరే కదా! అందులో మళ్ళీ గుండెకొకరు, మూత్రపిండాలకొకరు, నెత్తురుకొకరు ఏమిటమ్మా, అంతా డబ్బులు గుంజడానికి కాకపోతే" అని పెద్దవాళ్ళు విసుక్కోవడం మీరూ వినే ఉంటారు. ఆ విసుగులో కొంత న్యాయం లేకపోలేదు. మన డాక్టరుగారు పిల్లవాణ్ణి చూసి, చీటీమీద చాంతాడంత ఇంగ్లీషు పేరు రాసి "వీరికి చూపించండి" అంటారు. ఆ పేరేమిటో, ఆయన ఏం చూస్తారో ఎవరూ విడమరచి చెప్పరు. బస్సులో కూర్చున్న తల్లికి ఆ చీటీ చేతిలో నిప్పులా ఉంటుంది. నేను మెట్రిక్‌తో చదువు ఆపిన గృహిణినే. అయినా రేడియో ప్రసంగాలకోసమని డాక్టర్లను అడిగీ, పుస్తకాలు చదివీ కొంత తెలుసుకున్నాను. అదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మొదట ఒక సంగతి. బిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. పెద్దవాళ్ళ మాత్రను నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క అరగదీసి పోస్తే పిల్లల మందు అయిపోదు. అప్పుడే పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. గుండె 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. మనకైతే అది ప్రమాదం, బిడ్డకు అది ఆరోగ్యం. ఆ చిన్ని ఒంట్లో ముప్పాతిక వంతు నీరే. అందుకే రెండు మూడు విరోచనాలు ఎక్కువైతే చాలు, పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి తోటకూరకాడలా వాడిపోతుంది. పుట్టినప్పటి బరువు అయిదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది. కనుక నిరుడు రాసిన మందు మోతాదు ఈ ఏడు పనికిరాదు. లివరూ మూత్రపిండాలూ ఇంకా పనితనం నేర్చుకుంటూనే ఉంటాయి. ఇన్ని తేడాలున్నాయి కాబట్టే పిల్లల వైద్యం వేరే శాఖ అయింది.

ఇదేదో దొరలు తెచ్చిన కొత్త ఆలోచన అనుకోకండి. మన ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో కౌమారభృత్యం ఒకటి, అది పూర్తిగా తల్లీబిడ్డలదే. పిల్లలకోసమే ఒక ఆస్పత్రి కట్టడం మాత్రం పారిస్‌లో 1802లో మొదలైంది. లండన్‌లో 1852లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి వచ్చింది. మన హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి 1953 నాటిది. నిజాంగారి కోడలు నీలోఫర్ యువరాణి పేరు పెట్టారు దానికి. ఆమె దగ్గర పనిచేసే పిల్ల కాన్పులో చనిపోతే మనసు కలతపడి, ఇలాంటి ఆస్పత్రి ఒకటుండాలని ఆవిడ పట్టుబట్టారని చెబుతారు.

ఇక అసలు విషయానికి వద్దాం. పుట్టిన 28 రోజులలోపు బిడ్డలను చూసేవారిని నియోనేటాలజిస్టు అంటారు. నవజాత శిశువుల డాక్టరన్నమాట. ఈ నెల రోజులూ బిడ్డకు గండకాలం. పురుడు వచ్చిన గదిలో బిడ్డ పుట్టగానే డాక్టరుగారు "ఎనిమిది, తొమ్మిది" అని ఏవో మార్కులు చెప్పడం కొందరైనా వినే ఉంటారు. అది అప్‌గార్ లెక్క. వర్జీనియా అప్‌గార్ అనే అమెరికా డాక్టరమ్మ 1952లో దాన్ని తయారుచేశారు. నిజానికి ఆవిడ పిల్లల డాక్టరు కాదు, మత్తుమందు డాక్టరు. ఒంటి రంగు, గుండె వేగం, ఏడుపు, ఒంటి బిగువు, ఊపిరి, ఈ అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు. పుట్టిన నిమిషానికి ఒకసారి, అయిదు నిమిషాలకు ఒకసారి చూస్తారు. దానికి ముందు చాలాచోట్ల బిడ్డను పక్కన పెట్టి తల్లిని చూసుకోవడమే తప్ప, బిడ్డ ఎలా ఉందో వరుసగా చూసే పద్ధతంటూ లేదు. అయిదు ప్రశ్నల చిన్న పట్టిక ఎంత పని చేసిందో చూడండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కథ వేరు. వాళ్ళ ఊపిరితిత్తులు తడిసిన ప్లాస్టిక్ సంచీలా అతుక్కుపోతాయి, తెరుచుకోవు. ఎందుకో చాలాకాలం తెలియలేదు. ఊపిరితిత్తుల లోపల సబ్బు నురగలాంటి పూత ఒకటుండాలనీ, ఈ బిడ్డలకు అది లేదనీ మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ 1959లో తేల్చారు. కారణం తెలిసినంత మాత్రాన మందు వచ్చేయలేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీగారి కొడుకు అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, ఇదే జబ్బుతో రెండు రోజులు నిండకుండానే పోయాడు. అంతటి వాడి బిడ్డకే దిక్కులేకపోయింది. 1980లో జపాన్‌లో ఫుజివారా అనే డాక్టరు ఆవు ఊపిరితిత్తులనుంచి తీసిన ఆ పూతను బిడ్డల గొట్టంలో పోసి బతికించారు. ఇవాళ మన జిల్లా ఆస్పత్రులలోని పసిబిడ్డల వార్డుల్లో సైతం ఆ మందు పేరు తెలియని నర్సుండదు.

అన్నీ యంత్రాలూ మందులేనా అంటే, కాదు. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరుగారి ఆస్పత్రిలో బిడ్డలెక్కువ, వెచ్చగా ఉంచే పెట్టెలు తక్కువ. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు ఒకరికి అంటుకునేది. ఆయన ఏం చేశారంటే, బిడ్డను బట్టలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, పైన గుడ్డ కట్టించారు. కంగారూ తల్లిలాగ. దానికి ఆ పేరే వచ్చింది. పేదదేశం చేసిన సర్దుబాటు అని మొదట్లో చాలామంది చప్పరించారు. 2021లో మనదేశంతో సహా అయిదు దేశాల్లో చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. బాగా బరువు తక్కువ బిడ్డలను పుట్టిన వెంటనే ఇలా కట్టి ఉంచితే, స్థిమితపడ్డాక మొదలుపెట్టిన దానికంటే, చావులు నాలుగో వంతు తగ్గాయి. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే తండ్రి కట్టుకోవచ్చు, నాయనమ్మ కట్టుకోవచ్చు. మగవాళ్ళు సిగ్గుపడితే ఈ మాట వినిపించండి.

పసికామెర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "పొద్దుటెండలో పెట్టమ్మా, పోతాయి" అని మన ఇళ్ళలో అంటూనే ఉంటాం. 1956లో ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో వార్డ్ అనే నర్సమ్మకు బిడ్డలను ఆరుబయటకు తీసుకువెళ్ళే అలవాటుండేది. ఒకరోజు ఒక బిడ్డ దుప్పటి తీసి డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పచ్చదనం పోయింది, దుప్పటి కొస కప్పి ఉన్న మూడు మూలల చోటు మాత్రం పసుపు రాసినట్టు అలాగే ఉంది. ఆ ఒక్క గమనికనుంచే డాక్టర్లు పరిశోధించి, 1958 నాటికి నీలిరంగు దీపాల వైద్యం ప్రకటించారు. అయితే ఒక హెచ్చరిక. ఇంటి ఎండ ఆ దీపానికి సాటి రాదు. పుట్టిన మొదటి రోజే కామెర్లు కనబడినా, అరచేతులూ అరికాళ్ళూ కూడా పచ్చబడినా, బిడ్డ పాలు మాని మగతగా ఉన్నా, ఎండ మాట మరచి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ పసుపు మెదడుకెక్కితే చెవుడూ, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడమూ జన్మంతా మిగులుతాయి.

పిల్లల గుండె డాక్టరు, అంటే పీడియాట్రిక్ కార్డియాలజిస్టు, ఎందుకు వేరే అంటారేమో. పెద్దల గుండెజబ్బు బతికిన తీరువల్ల వచ్చేది. పిల్లలది చాలామటుకు కడుపులో ఉండగానే గుండె కుట్టు సరిగా పడకపోవడం. ఈ శాఖకు దారి వేసినావిడ హెలెన్ టాసిగ్. చిన్నప్పుడు అక్షరాలు తడబడేవి, పెద్దయ్యాక చెవులు సరిగా వినబడేవి కావు. గుండె డాక్టరుకు చెవి లేకపోతే ఎలా? బిడ్డ ఛాతీమీద వేళ్ళు ఆనించి గుండె అలజడిని చేత్తో చదివేవారట. పెదవులు, గోళ్ళు నీలం తిరిగి, నాలుగడుగులు వేస్తే చతికిలబడే బిడ్డలను చూసి చూసి, ఊపిరితిత్తులకు నెత్తురు చాలకపోవడమే కారణమని ఆవిడ గ్రహించారు. ఆవిడ ఆలోచనకు బ్లేలాక్ అనే సర్జనుగారు చేయిచ్చారు. వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు కుక్కలమీద ఆ ఆపరేషను చేసి చేసి దారి కనిపెట్టాడు. ఆయనకు డాక్టరు చదువు లేదు. 1944 నవంబరు 29న బాల్టిమోరులో పదిహేను నెలల పిల్లకు మొదటి ఆపరేషను జరుగుతుంటే, సర్జనుగారి వెనక పీట వేసుకుని నిలబడి సలహా చెప్పింది ఆ థామసే. చాలా ఏళ్ళు ఆయన పేరు ఎక్కడా రాయలేదు. ఇలాంటివి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది.

మనం గమనించవలసినవి చెప్తాను. పాలు తాగుతూ తాగుతూ నుదుట చెమటలు పట్టడం, రెండు గుక్కలు తాగి ఆగి రొప్పడం, నెలనెలా బరువు పెరగకపోవడం, మాటిమాటికీ జలుబు ఛాతీకి దిగడం, ఏడ్చినప్పుడు నాలుక నీలబడటం. ఇవుంటే "బాలగ్రహం, తాయెత్తు కట్టిద్దాం" అని కూర్చోకండి. కావాలంటే తాయెత్తు కట్టుకునే వెళ్ళండి, కానీ వెళ్ళండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్లకు తోడ్పడుతోంది, పేరు ప్రభుత్వాన్నిబట్టి మారుతుంటుంది. 2013 నుంచి అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షించే ప్రభుత్వ డాక్టర్లున్నారు. వాళ్ళు వచ్చిన రోజున పిల్లను బడి మానిపించవద్దు.

మూత్రపిండాల డాక్టరు మాట ఎత్తితే మా వీధిలో జరిగినది చెప్పక తప్పదు. నాలుగేళ్ళ పిల్లవాడికి పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బిపోయేవి. దోమ కుట్టిందనుకున్నారు. తరవాత కాళ్ళు, పొట్ట కూడా. చీటీమీద "పీడియాట్రిక్ నెఫ్రాలజిస్టు" అని చూసి ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి "పిన్నిగారూ, కిడ్నీ అంటే ఇక అయిపోయినట్టేనా?" అని గొల్లుమంది. కాదని తేలింది. నెఫ్రాటిక్ సిండ్రోమ్ అని, మూత్రపిండాల జల్లెడ సందులు వదులై, ఒంట్లోని మాంసకృత్తులు మూత్రంలో కారిపోయే జబ్బు. ఆ వయసు పిల్లల్లో చాలామందికి స్టెరాయిడ్ మందుతో తగ్గుతుంది, తరచు తిరగబెడుతుంది కూడా. మొదటిసారి ఆరు వారాలు రోజూ, ఆపైన ఆరు వారాలు రోజు విడిచి రోజు వాడాలన్నారు. మూడో వారానికి పిల్లవాడి మొహం చంద్రబింబంలా గుండ్రమైంది. ఆకలికి అల్లాడుతున్నాడు. అత్తగారు బెంగపడి, ఎవరో చెప్పిన ఆకుపసరు మొదలుపెట్టి మాత్రలు ఆపించబోయారు. ఆ అమ్మాయి ఎప్పుడూ అత్తగారికి ఎదురుచెప్పి ఎరగదు. ఆరోజు మాత్రం "అత్తయ్యా, ఇది తటాలున ఆపితే ప్రాణానికే ముప్పుట, డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు" అని మందు సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ తరవాత ఆ పెద్దావిడను కూడా ఆస్పత్రికి తీసుకువెళ్ళి డాక్టరమ్మతోనే చెప్పించింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే పిల్లవాడి మూత్రంలో రంగుపట్టీ ముంచి పరీక్షచేసి, నోటుపుస్తకంలో రాసిపెట్టేది ఆ అత్తగారే. మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది. రెండుసార్లూ ఉబ్బు రాకముందే ఆ పట్టీతోనే కనిపెట్టారు.

నెత్తురు జబ్బులు, కాన్సరు చూసే డాక్టర్ల శాఖలో మన తెలుగువాడి చేయి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 1947 దాకా పిల్లలకు నెత్తురు కాన్సరు వస్తే కొద్ది వారాలో, నెలలో. చేసేది లేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుగారు ఒక సంగతి కనిపెట్టారు. ఫోలిక్ ఆసిడ్ అనే విటమిను ఇస్తే ఆ కాన్సరు తగ్గకపోగా చెలరేగుతోంది. అయితే ఆ విటమినును అడ్డుకునే మందిస్తేనో? అటువంటి మందు తయారుచేసి ఇచ్చింది లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. ఆయన 1895లో భీమవరంలో పుట్టినవారు. అన్నదమ్ములను స్ప్రూ అనే విరోచనాల జబ్బు పొట్టనబెట్టుకుంటే, దానికి మందు కనిపెట్టాలనే పట్టుదలతో ఫోలిక్ ఆసిడ్ వెంటబడినవారు. 1948 జూన్‌లో ఫార్బర్‌గారు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. కొంతకాలమే. కానీ తగ్గడమన్నది అదే మొదలు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూశారు. ఆయన బృందం చేసిన మెథోట్రెక్సేట్‌ను ఈరోజుకీ ఈ జబ్బుకు పిల్లలకు ఇస్తున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం నెత్తురు కాన్సరు బాగా వసతులున్న దేశాల్లో నూటికి దాదాపు 90 మందికి నయమవుతోంది. వైద్యం రెండు, రెండున్నర ఏళ్ళు పడుతుంది. మన దగ్గర పెద్ద చిక్కు ఏమిటంటే, ఆరు నెలలకు పిల్ల ఆడుకోవడం మొదలుపెట్టగానే తగ్గిందనుకుని, లేదా డబ్బాగిపోయి, మధ్యలో మానేయడం.

తలసీమియాను చూసేదీ వీరే. నెలకోసారి నెత్తురెక్కించుకుంటూ బతకవలసిన బిడ్డలు వాళ్ళు. పైకి ఆరోగ్యంగా ఉన్న భార్యాభర్తలిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. గర్భిణీకి మూడో నెల దాటకముందే ఒక నెత్తురు పరీక్షతో ఇది తెలుస్తుంది, అడిగి చేయించుకోండి.

గ్రంథుల డాక్టరును ఎండోక్రైనాలజిస్టు అంటారు. ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. "మా బాబు ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు, లేపితేగానీ పాలు తాగడు" అని మురిసిపోతాం చూశారా, అలాంటి బిడ్డకు కామెర్లు రెండు వారాలు దాటినా పోకుండా, మలబద్ధకం, నాలుక లావు, బొడ్డు పొంగు కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. మడమమీద చిన్న సూదిపోటు, నాలుగు చుక్కల నెత్తురు, అంతే. మొదటి వారాల్లోనే మందు మొదలైతే బుద్ధి మామూలుగా వికసిస్తుంది. నెలలు గడిస్తే పోయిన తెలివి తిరిగిరాదు. ఆ మందు రోజుకొక చిన్న మాత్ర, ఖరీదు కూడా బహు స్వల్పం.

అన్నిటికన్నా ఎక్కువమంది బిడ్డలను కాపాడిన పరిశోధన మాత్రం మన వంటింట్లోదే అనిపిస్తుంది నాకు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి పారిపోయి వచ్చినవాళ్ళు బనగావ్ శిబిరంలో కలరాతో నేలమీద పడి ఉన్నారు. సెలైను సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్‌గారు కలకత్తా పిల్లల డాక్టరు. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలతలు కట్టి పొట్లాలు చేయించి, డ్రమ్ముల్లో నీళ్ళకు కలిపి, తల్లులచేతే కప్పులతో తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. ఉప్పును పేగు పీల్చుకోవాలంటే పక్కన గ్లూకోజు ఉండాలి, ఆ రెండూ కలిసి నీటిని లోపలికి లాగుతాయి. ఉత్త ఉప్పునీళ్ళు, ఉత్త పంచదారనీళ్ళు పనిచేయవు. పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. ఎక్కువైతే మేలు అనుకోకండి, ఎక్కువైతే కీడే. మహలనబీస్‌గారు 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ విరోచనాలకే వేసే రోటా చుక్కల మందు కథ కూడా పిల్లల డాక్టరుదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్‌గారు 1980లలో ఒక వింత చూశారు. పురిటివార్డులో కొందరు బిడ్డలకు ఆ క్రిమి సోకింది, కానీ జబ్బు రాలేదు. పైగా తరవాత వాళ్ళకు గట్టి విరోచనాలు తక్కువ. ఆ బిడ్డలనుంచి తీసిన క్రిమినే పెంచి హైదరాబాదులో భారత్ బయోటెక్‌వారు టీకాగా చేశారు. ఢిల్లీ, పూనా, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది బిడ్డలమీద పరీక్షించి, 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చారు. మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ 6,800 మంది తల్లులు కాగితం చదివించుకుని, అడిగి, సరే అన్నారు కాబట్టే అది జరిగింది. పరిశోధనలో చేరమని మిమ్మల్ని ఎవరైనా అడిగితే భయపడి పారిపోనూ వద్దు, చూడకుండా వేలిముద్ర వేయనూ వద్దు. వద్దనుకుంటే మామూలు వైద్యం ఆగదని ముందే అడిగి తెలుసుకోండి.

ఇంతమంది ఉన్నారు కదా అని జ్వరం రాగానే పెద్ద డాక్టరు దగ్గరికే పరుగెత్తనక్కరలేదు. మొదట మామూలు పిల్లల డాక్టరే. ఆయన బిడ్డను మొత్తంగా చూస్తారు, మిగతావారు ఒక్కొక్క ముక్క చూస్తారు. కానీ డొక్కలెగరేస్తున్నప్పుడు ఆలస్యం వద్దు. బిడ్డ నిద్రలో ఉండగా గడియారం పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40, అంతకు చేరితే అర్ధరాత్రయినా బయలుదేరాలి. పెద్ద ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు టీకాల కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల సీసాలు ఒక సంచీలో వేసుకోండి. పసరో, భస్మమో ఇచ్చి ఉంటే తిడతారని దాచకండి, ఆ డాక్టరుకు అదే ముఖ్యం కావచ్చు. జబ్బు పేరు తెలుగులో చెప్పమని అడగండి. మందు ఎన్నాళ్ళు, ఆపితే ఏమవుతుంది, ఏ గుర్తు కనబడితే మళ్ళీ రావాలి, ఈ మూడూ అక్కడే రాయించుకోండి. ఆనాటి బిడ్డ బరువు ఎంతో కాగితం పైభాగాన వేయించండి. మందు లెక్కంతా దానిమీదే.